తొమ్మిదో క్లాజు

రాష్ట్రం ఏర్పడిన మూడో ఏడు, జూన్ నెలలో, నన్ను శాసనసభ సెలెక్ట్ కమిటీకి ముసాయిదా అధికారిగా పంపారు. అప్పటికి నేను న్యాయశాఖలో సంయుక్త కార్యదర్శిని. చట్టాలు రాసే విభాగం నాది. చట్టాలు శాసనసభ్యులు చేస్తారని అందరికీ తెలుసు కానీ, వాటిని కూర్చుని రాసేవాళ్లు వేరే ఉంటారని చాలామందికి తెలియదు. మంత్రివర్గం ఒక నిర్ణయం తీసుకుంటుంది. సంబంధిత శాఖ దాన్ని రెండు మూడు పేజీల్లో రాసి మాకు పంపుతుంది. దాన్ని మేము చట్టం భాషలోకి తెస్తాం. సభ ఆమోదించి, పైవాళ్ల సంతకం పడేదాకా దాన్ని బిల్లు అంటారు. అందులో ఒక్కో భాగం పేరు క్లాజు. చట్టమయ్యాక అదే క్లాజు సెక్షన్ అవుతుంది.

సభలో ప్రవేశపెట్టిన బిల్లు మీద ఇంకా విచారణ అవసరమనుకుంటే దాన్ని కొద్దిమంది సభ్యుల సెలెక్ట్ కమిటీకి అప్పగిస్తారు. ఆ కమిటీ సాక్షులను పిలిచి వినవచ్చు, బిల్లును మార్చవచ్చు. మార్చిన ప్రతిసారీ ఆ మాటలను కాగితం మీద పెట్టడానికి నాలాంటివాడు ఒకడు పక్కన కూర్చోవాలి. నాంపల్లిలో శాసనసభ భవనం వెనుకవైపు గదుల్లో, బాగేఆమ్ తోట చెట్లు కనిపించే కిటికీ పక్కన, ఆ వానాకాలమంతా నేను కూర్చున్నది అందుకే.

బిల్లు దుకాణాల చట్టానికి సవరణ. విషయం చిన్నదిగా కనిపిస్తుంది. అబిడ్స్ నుంచి కోఠీ దాకా ఉన్న బట్టల దుకాణాలు, చెప్పుల దుకాణాలు, సామాను దుకాణాల్లో వెనుకవైపు ఒక తలుపో షట్టరో ఉంటుంది. దుకాణం తెరిచి ఉన్నంతసేపూ దానికి తాళం వేసి ఉంచడం అక్కడ అలవాటు. సరుకు వెనుకనుంచి పోతుందని యజమానుల భయం. ఫ్యాక్టరీల్లో పనివాళ్లు లోపల ఉండగా తలుపులకు తాళం వేయకూడదని చట్టం ఉంది. దుకాణాలకు అలాంటిది లేదు. అగ్నిమాపక చట్టం ఒక ఎత్తు దాటిన భవనాలకే వర్తించేది. అబిడ్స్ సందుల్లోని పాత రెండంతస్తుల భవనాలు దాని కిందికి రావు. ఈ ఖాళీని పూడ్చడమే బిల్లు ఉద్దేశం.

సాక్షులను విన్న మొదటి రోజు వచ్చినవాళ్లలో సువార్తమ్మ ఒకరు. మెదక్ వైపు నుంచి వచ్చిన క్రైస్తవ కుటుంబం. భర్త పోయాక నాంపల్లి స్టేషన్ వెనుక ఒక గది కిరాయికి తీసుకుని, అబిడ్స్‌లో ఒక చీరల దుకాణంలో చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. కమిటీ గది నుంచి నేరుగా పనికి పోవాలి కాబట్టి దుకాణంవాళ్లు ఇచ్చిన ఒకే రంగు చీర కట్టుకుని వచ్చారు. ఛైర్మన్ గారు కుర్చీ చూపించగానే ఆమె మొహమాటపడలేదు.

"ఇగో, ముందు కూసుంట సార్. షాపుల దినమంత నిలబడుడే, గీడనన్న కూసుంట" అని కూర్చుని, తన దుకాణంలో జరిగినది చెప్పారు. ఒక మధ్యాహ్నం కింది అంతస్తులో కరెంటు తీగలు కాలి పొగ లేచింది. పై అంతస్తులో ఉన్న ఆడవాళ్లు వెనుక మెట్లకు పరుగెత్తారు. అక్కడ తాళం. తాళంచెవి యజమాని జేబులో ఉంది. యజమాని కాచిగూడలో పెళ్లికి వెళ్లాడు. మళ్లీ వెనక్కి తిరిగి ముందు మెట్ల మీదికి వచ్చేసరికి కొనడానికి వచ్చినవాళ్లంతా ఒకరినొకరు తోసుకుంటున్నారు.

"జ్యోతి అని మా తోటి పిల్ల, ఆరో నెల. మెట్ల మీద పడ్డది. దవాఖానకు తీస్కపోయినం. పానం దక్కింది గని, కడుపుల పిల్ల దక్కలే."

ఛైర్మన్ గారు ఆ తాళం సంగతి ఏమయిందని అడిగారు.

"తెల్లారి మళ్ల వేసిన్రు సార్. ఆ గడబిడల ఏమన్న పోయిందా అని సరుకు చూసుకున్నరు, తాళం వేసుకున్నరు."

ఆమె మాటలు అక్షరం పోకుండా రాసుకుంటున్న శాసనసభ రిపోర్టరు తలెత్తి చూడటం నాకు కనిపించింది. రిపోర్టర్లు మామూలుగా తలెత్తరు.

వర్తకుల తరఫున వచ్చిన జగదీశ్వర్ గారు మూడు తరాలుగా అబిడ్స్‌లో వ్యాపారం చేస్తున్న కుటుంబం మనిషి. మంచి మాటకారి. దొంగతనాలు నిజమేనని, తన కొడుకులు కూడా అదే దుకాణంలో, అదే తాళం వెనుక కూర్చుంటారని, వాళ్ల ప్రాణం మీద తనకు మాత్రం తీపి ఉండదా అని అడిగారు. ఆయన అబద్ధం చెప్పాడని నేను అనుకోను. ఆయన దుకాణంలో ఎప్పుడూ నిప్పు అంటుకోలేదు, అంతే.

బిల్లులో ముఖ్యమైన క్లాజులు రెండు. నాలుగో క్లాజు: పనివాళ్లు లోపల ఉండగా బయటికి పోయే ఏ దారికీ తాళం వేయకూడదు, ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసినప్పుడు తాళం ఉంటే దుకాణాన్ని అక్కడికక్కడే మూయించవచ్చు. తొమ్మిదో క్లాజు: తాళం వేసినందువల్ల ఎవరైనా చనిపోతే యజమానికి ఏడేళ్ల దాకా జైలు, సులభంగా బెయిలు దొరకదు. మామూలుగా నిర్లక్ష్యంవల్ల మనిషి చనిపోతే అప్పటి శిక్షాస్మృతి ప్రకారం రెండేళ్లకు మించి శిక్ష లేదు, అది బెయిలు దొరికే నేరం.

చిక్కు ఈ తొమ్మిదో క్లాజు దగ్గరే ఉంది. రాజ్యాంగం అధికారాలను మూడు జాబితాలుగా పంచింది. ఒకటి కేంద్రానిది, ఒకటి రాష్ట్రానిది, మూడోది ఇద్దరిదీ. పనివాళ్ల సంక్షేమం, నేరాలు, శిక్షలు ఈ మూడో జాబితాలో, అంటే ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. ఉమ్మడి జాబితాలోని విషయం మీద కేంద్రం చట్టం చేయకపోతే రాష్ట్రం చేసుకోవచ్చు, గవర్నర్ సంతకం చాలు. కేంద్ర చట్టం అప్పటికే ఉండి, రాష్ట్ర బిల్లు దానికి భిన్నంగా ఉంటే మాత్రం రాష్ట్రపతి ఆమోదం కావాలి. దుకాణాల తాళాల మీద కేంద్ర చట్టం లేదు. నాలుగో క్లాజుకు హైదరాబాద్‌లోనే సంతకం దొరుకుతుంది. నిర్లక్ష్యపు చావుకు శిక్ష ఎంతో, బెయిలు ఎప్పుడో కేంద్ర చట్టం ముందే చెప్పింది. తొమ్మిదో క్లాజు ఢిల్లీకి పోవాలి. అది ఒకే బిల్లులో ఉంటే నాలుగో క్లాజు కూడా దాని వెంట పోవాలి.

పోతే ఏమవుతుందన్నది కాలాన్నిబట్టి ఉంటుంది. నేను గుమాస్తా స్థాయి నుంచి పైకి వచ్చినవాణ్ని కాబట్టి ఈ దారిని చాలా ఏళ్లు చూశాను. నేను చేరిన కొత్తలో మా పై అధికారి ఒకాయన ఫైలు ఢిల్లీకి పంపేముందు పేపరు చదివేవారు. అక్కడా ఇక్కడా ఒకే పార్టీ ఉన్న కాలంలో ఫైలు కన్నా ముందు ఫోను వెళ్లేదని, బిల్లు సంగతి అక్కడే తేలిపోయేదని చెప్పేవారు. పార్టీలు వేరయ్యాక అదే ఫైలు ఏళ్ల తరబడి రాలేదు. తర్వాత ఢిల్లీలో సంకీర్ణ ప్రభుత్వాలు వచ్చాయి. మన ఎంపీల మద్దతు వాళ్లకు అవసరమైన ఆ రోజుల్లో నేను పంపిన ఒక బిల్లు ఊహించనంత త్వరగా సంతకంతో తిరిగి వచ్చింది. అందులో నా రాతగొప్ప ఏమీ లేదు. మళ్లీ ఒకే పార్టీకి పూర్తి మెజారిటీ వచ్చాక దారి మళ్లీ పొడుగైంది. రాజ్యాంగంలో ఒక్క అక్షరం మారలేదు. రాష్ట్రపతి ఎంతకాలంలో నిర్ణయం తీసుకోవాలో అందులో ముందూ లేదు, తర్వాతా లేదు.

ఇదంతా క్లుప్తంగా నోట్ రాసి ఛైర్మన్ గారికి ఇచ్చాను. తొమ్మిదో క్లాజు లేకుండా అయితే ఈ శీతాకాలానికే చట్టం అమల్లోకి వస్తుందని, ఉంటే ఎప్పుడో చెప్పలేమని రాశాను. రెండు వేర్వేరు బిల్లులు చేద్దామని సూచించాను. తాళం సంగతి ఒక బిల్లు, శిక్ష సంగతి ఇంకొకటి. మొదటిది ఇక్కడే చట్టమవుతుంది, రెండోది ఢిల్లీలో ఎంతకాలమున్నా నష్టం తక్కువ.

తర్వాతి సమావేశంలో నేను ఊహించనిది జరిగింది. అప్పటిదాకా జైలు శిక్షను తీవ్రంగా వ్యతిరేకించిన వర్తకులు తమ అభ్యంతరాన్ని వెనక్కి తీసుకున్నారు. మనిషి ప్రాణం విషయంలో కమిటీ ఎంత కఠినంగా ఉన్నా తమకు సమ్మతమేనని జగదీశ్వర్ గారు లేచి చెప్పారు. సభ్యులు సంతోషించారు. ఆయన పక్కన ఆ రోజు కొత్తగా ఒక సీనియర్ న్యాయవాది కూర్చుని ఉన్నాడు. ఆ న్యాయవాదిని చూడగానే నాకు అర్థమైంది. నాలుగో క్లాజు ఒంటరిగా ఉంటే నెలల్లో వాళ్ల తలుపులు తెరవాల్సి వస్తుంది. తొమ్మిదో క్లాజు పక్కన ఉన్నంతకాలం తెరవనక్కర్లేదు. బిల్లులో అన్నిటికన్నా కఠినమైన మాటే వాళ్లకు అన్నిటికన్నా పెద్ద రక్షణ.

సమావేశం అయ్యాక ఛైర్మన్ గారికి ఈ మాట చెప్పాను. ఆయన రైతు కుటుంబం నుంచి వచ్చిన మనిషి, విషయం వెంటనే పట్టుకుంటారు.

"అంటే వాళ్లు మనల్ని మన బిల్లుతోనే కొడుతున్నరు. గంతే కదా?" అన్నారు.

అంతేనన్నాను. ఇప్పుడు జైలు క్లాజు తీసేస్తే ఛైర్మన్ సేఠ్‌లకు అమ్ముడుపోయాడని రేపు పేపర్లో వస్తుందన్నారు. రెండు బిల్లుల సంగతి పైన మాట్లాడి చూస్తానన్నారు. చివరికి, "ఆ సువార్తమ్మను ఒకసారి అడుగున్రి సార్. బాధ పడ్డది ఆమె. ఆమె వద్దంటే నేను ఎవరికన్న జవాబు చెప్పుకుంట" అన్నారు. ముసాయిదా అధికారి సాక్షులతో విడిగా మాట్లాడటం పద్ధతి కాదు. ఛైర్మన్ అడగమన్నారు కాబట్టి వెళ్లాను.

ఆదివారం అబిడ్స్‌లో దుకాణాలు మూసి ఉంటాయి. మూసిన షట్టర్ల ముందు ఫుట్‌పాత్ పొడుగునా పాత పుస్తకాలు పరిచి అమ్ముతారు. నేను పాత లా రిపోర్టుల కోసం ఎటూ అక్కడికి వెళ్తుంటాను. చర్చి ఆరాధన అయ్యాక సువార్తమ్మ అక్కడికి వచ్చారు. వెంట ఇరవై ఏళ్ల అమ్మాయి ఒకతె ఉంది. తన చెల్లెలి కూతురు రూతు అని, ఊరి నుంచి కొత్తగా తెచ్చి సూట్‌కేసులు అమ్మే దుకాణంలో పనికి పెట్టించానని చెప్పారు. మేము మాట్లాడుతుంటే ఆ అమ్మాయి పక్కకు పోయి ఇంగ్లీషు వ్యాకరణం పుస్తకం ఒకటి బేరం చేసింది.

నేను సువార్తమ్మకు మూడు జాబితాల గురించి చెప్పలేదు. జైలు మాట ఉంటే కాగితం ఢిల్లీకి పోతుందని, లేకపోతే ఇక్కడే అయిపోతుందని చెప్పాను.

"జైలు లేకుంటే తాళం తియ్యరు సార్. జుర్మానా అంటే వాళ్లకు షాపు కిరాయి లెక్కనే. కడుతరు, తాళం వేసుకుంటరు" అన్నారు.

ఇన్‌స్పెక్టర్ దుకాణం మూయించవచ్చు కదా అన్నాను.

"ఇన్‌స్పెక్టర్ ఎన్నిసార్లు వస్తడు? వచ్చినపుడు తీస్తరు, పోయినంక వేస్తరు. జైలు అంటేనే భయం." తర్వాత ఆమె నన్ను అడిగారు. "ఢిల్లీకి పోతే ఏమైతది? గాడ గూడ మన ఓటుతోని ఉన్నోళ్లే కదా? గాళ్లకు తాళం ఎందుకు కావాలె?"

ఎవరికీ తాళం అక్కర్లేదని, ఆలస్యమే జరుగుతుందని చెప్పాను. ఎంత ఆలస్యమని అడిగితే తెలియదన్నాను. తోటి ఆడవాళ్లను అడిగి చెబుతానన్నారు. రెండు రోజుల తర్వాత ఫోన్ చేసి, తొమ్మిదో క్లాజు ఉండాలని అందరూ అన్నారని చెప్పారు. ఆమె చెప్పిన కారణం తప్పు కాదు. శిక్ష లేని నిషేధం ఎలా పనిచేస్తుందో నాకంటే ఆమెకే దగ్గరగా తెలుసు.

రెండు బిల్లుల సూచనకు పైవాళ్ల ఆమోదం దొరకలేదు. రెండంటే మంత్రివర్గానికి మళ్లీ రెండు నోట్‌లు, మళ్లీ సభ సమయం. కొత్త రాష్ట్రంలో కార్మికుల కోసం ఒక గట్టి చట్టం చేశామని చెప్పుకోవడానికి ఒకటే బిల్లు బాగుంటుందన్నది పైవాళ్ల అభిప్రాయం. ఢిల్లీ ఆపితే ఆపినవాళ్లకే చెడ్డపేరు అని ఒకాయన నాతోనే అన్నాడు. ఆ మాట విన్నాక నాకు బిల్లు భవిష్యత్తు మీద ఆశ పోయింది. ఆలస్యమైతే నష్టపోయేవాళ్లు రెండు రాజధానుల్లోనూ ఎవరూ లేరు.

శీతాకాల సమావేశాల్లో బిల్లు ఏకగ్రీవంగా నెగ్గింది. సభ్యులు బల్లలు చరిచారు. గవర్నర్ దాన్ని రాష్ట్రపతి పరిశీలనకు రిజర్వు చేశారు. మా ఉద్యోగ భాషలో రిజర్వు అంటే పక్కన పెట్టడం కాదు, పైకి పంపడం. ఆచరణలో రెండింటికీ తేడా తక్కువ.

ఢిల్లీలో ఇలాంటి బిల్లును ఒక మంత్రిత్వ శాఖ అందుకుని, సంబంధం ఉన్న మిగతా శాఖలన్నిటికీ అభిప్రాయం కోసం పంపుతుంది. ఒక శాఖ అడిగిన ప్రశ్న రాష్ట్రానికి వస్తుంది. రాష్ట్రం జవాబిస్తుంది. అప్పటికి ఇంకో శాఖ ఇంకో ప్రశ్న అడుగుతుంది. మొదటి ప్రశ్న, ఏడేళ్ల శిక్ష నేరానికి తగినదేనా అని. జవాబు నేనే రాశాను. రెండో ప్రశ్న, దుకాణం అంటే నిర్వచనం ఏమిటని. అది పాత చట్టంలోనే ఉంది, అయినా రాశాను. వివరించడానికి ఒకసారి నేనే వెళ్లాను. నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చిన అధికారి మర్యాదస్తుడు. బిల్లు ఉద్దేశం మీద ఎవరికీ అభ్యంతరం లేదన్నాడు. అయితే దేశంలోని కార్మిక చట్టాలన్నిటినీ కలిపి కొత్త కోడ్‌లు తయారవుతున్నాయని, ఈలోగా ఒక్కో రాష్ట్రానికి ఒక్కో రకంగా ఆమోదం ఇస్తే చిక్కవుతుందని చెప్పాడు. అతని కోణంలోంచి చూస్తే అది సబబైన మాటే.

పార్లమెంటు ఆ కోడ్‌లను ఆమోదించింది. పెద్ద దుకాణాలు కూడా వాటి పరిధిలోకి వచ్చాయి. వెంటనే మాకు ఇంకో లేఖ వచ్చింది. కోడ్‌లు వచ్చాక మీ బిల్లు ఇంకా అవసరమా అని. చట్టం ఆమోదం పొందడం వేరు, అమల్లోకి రావడం వేరు. కోడ్‌లు అమల్లోకి రావాలంటే నియమాలు రాయాలి, తేదీ ప్రకటించాలి. ఆ తేదీ అప్పటికి రాలేదు, తర్వాతా ఏళ్ల తరబడి రాలేదు. కాబట్టి అవసరమేనని జవాబు రాశాను. పదవీ విరమణకు ముందు ఆ ఫైలు మీద నా చివరి సంతకం అదే. రాష్ట్ర చట్టం ఢిల్లీ ఆమోదం లేక ఆగింది, ఢిల్లీ చట్టం తేదీ లేక ఆగింది. అబిడ్స్‌లో తాళాలు ఎక్కడివక్కడ ఉన్నాయి.

నేను రిటైరయ్యాక ఆగాపురాలోని మా ఇంట్లోనే ఉంటున్నాను. ఒక ఏప్రిల్‌లో, మధ్యాహ్నం వేళ, అబిడ్స్ సందులో ఒక సూట్‌కేసుల దుకాణంలో మంటలు లేచాయి. ప్లాస్టిక్ సరుకు కావడంతో పొగ క్షణాల్లో నిండిపోయింది. ముందున్నవాళ్లు బయటపడ్డారు. పైన సరుకు గదిలో ఉన్న ఇద్దరు ఆడపిల్లలు వెనుక మెట్లు దిగారు. కింద షట్టర్‌కు తాళం ఉంది. ఫైరింజన్‌వాళ్లు తాళం కోసి తెరిచేసరికి ఇద్దరూ షట్టర్‌ను ఆనుకుని ఉన్నారు. ఒకరు రూతు.

పేపర్లో పేరు చూసినప్పుడు నాకు అనుమానం వచ్చింది గానీ, ఆ పేరు చాలామందికి ఉంటుందనుకున్నాను. పది పన్నెండు రోజుల తర్వాత సువార్తమ్మ మా ఇంటికి వచ్చారు. వెంట ఆమె మరిది, రూతు తండ్రి దేవదానం. ఊళ్లో ట్రాక్టర్ నడుపుతాడు. నాంపల్లి కోర్టు నుంచి నేరుగా వచ్చారు. యజమానికి బెయిలు వచ్చింది. పోలీసులు పెట్టిన సెక్షన్ నిర్లక్ష్యపు చావుది, దానికి బెయిలు హక్కుగా వస్తుంది.

దేవదానం నిలబడే మాట్లాడాడు. "సార్, ఆయన మా కంటే ముందే ఇంటికి పోయిండు. మేము ఇంక పిల్ల బట్టలు గూడ తెచ్చుకోలే, స్టేషన్లనే ఉన్నయి. గట్లెట్ల ఇడుస్తరు?"

అతనికి సెక్షన్ అర్థమయ్యేలా చెప్పాను. అర్థమైనా, కాకపోయినా అతను తల ఊపాడు. అప్పుడు సువార్తమ్మ అడిగారు.

"మన తొమ్మిదో క్లాజు ఏడున్నది సార్? దాన్ని గిప్పుడు కోర్టుల పెట్టరాదా?"

అది చట్టం కాలేదని చెప్పాను. ఇంకా ఢిల్లీలో ఉందని చెప్పాను. రేపు సంతకం అయితే అని ఆమె అడిగారు. రేపు అయినా, నేరం జరిగిన రోజు లేని శిక్షను తర్వాత వేయడానికి రాజ్యాంగం ఒప్పుకోదని చెప్పాల్సి వచ్చింది. ఆ నియమం మంచిదే, మనందరినీ కాపాడేదే. ఆ గదిలో దాన్ని పలకడం నాకు కష్టమైంది.

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని అడిగారు. "ఆనాడు ఆదివారం మీరు అడిగిన్రు. జైలు వద్దని నేను అంటే ఆ తాళం ఉండకపోవునా?"

ఆమెకు ఊరట కలిగించే జవాబు ఒకటి నా దగ్గర ఉంది. నిర్ణయం ఆమెది కాదు, పైవాళ్లదని. అది నిజమే కూడా, రెండు బిల్లుల దారి మూసింది వాళ్లే. ఆ మాట చెప్పాను. ఆమె వినలేదు, అడిగింది అది కాదు.

"తాళం ఉండేదో లేదో నాకు తెలియదమ్మా. చట్టం మాత్రం ఆ ఏడే వచ్చేది" అన్నాను.

"ఔ" అన్నారు. నీళ్లు తాగి, మరిదిని వెంటబెట్టుకుని వెళ్లిపోయారు. వాళ్లు సందు చివర ఆటో ఎక్కేదాకా నేను గేటు దగ్గర నిలబడ్డాను.

తర్వాత కొన్నాళ్లకు ఆమె పనిచేసే దుకాణంలో ఆడవాళ్లంతా పొద్దున వెనుక షట్టర్ తెరిస్తేనే లోపలికి పోతామని బయట నిలబడ్డారని విన్నాను. పండగ బేరాల రోజులు కావడంతో యజమాని తెరిచాడు. బేరాలు తగ్గాక సువార్తమ్మను, ఇంకో ఇద్దరిని పనిలోంచి తీసేశారు. ఆమె ఇప్పుడు అఫ్జల్‌గంజ్ దగ్గర ఒక గాజుల దుకాణంలో ఉన్నారు. ఆ దుకాణానికి వెనుక తలుపే లేదట.

దేశమంతటికీ కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చిన ఏడు, ఫైలు చివరికి కదిలింది. నా తర్వాత ఆ కుర్చీలోకి వచ్చిన అధికారి ఫోన్ చేసి చెప్పాడు. మన తొమ్మిదో క్లాజు సవరించదలచిన శిక్షాస్మృతే ఇప్పుడు లేదు, అందులో పేర్కొన్న సెక్షన్ నంబర్లు రద్దయ్యాయి, కాబట్టి బిల్లును వెనక్కి తీసుకునే విషయం రాష్ట్రం పరిశీలించాలి అని ఢిల్లీ రాసింది. రాష్ట్రం పరిశీలించి తీసుకుంది. చట్టప్రకారం వేరే దారి లేదు. నేనే ఆ కుర్చీలో ఉన్నా అదే నోట్ రాసేవాణ్ని. నాంపల్లి కోర్టులో రూతు వాళ్ల కేసు, నేను ఇది రాసేనాటికి, సాక్షుల విచారణ దశలో ఉంది.

కొత్తగా చేరిన ముసాయిదా అధికారులకు పాఠాలు చెప్పమని ఇప్పుడూ అప్పుడప్పుడూ పిలుస్తారు. వాళ్లకు ఈ ఉదంతం నుంచి ఒక పని పద్ధతి చెబుతాను. ప్రాణం కాపాడే క్లాజును, శిక్ష వేసే క్లాజును ఒకే బిల్లులో పెట్టమంటే, వద్దని రాతపూర్వకంగా రెండుసార్లు చెప్పండి, ఒకసారి చెప్పి ఊరుకోకండి. ఏ క్లాజు ఎవరి సంతకం కోరుతుందో చూడకుండా దాని బలం అంచనా వేయకండి. బిల్లుకు శత్రువైనవాడు హఠాత్తుగా అంగీకరిస్తే ఆ రోజు సమావేశం వాయిదా వేయించండి.

కేంద్రానికి, రాష్ట్రాలకు మధ్య అధికారం ఇటు పోయింది, అటు వచ్చింది అని పత్రికల్లో చదువుతుంటాం. అది ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి ఒక్కరోజులో మారదు. నా ఉద్యోగకాలంలో నేను ఎక్కువగా చూసింది ఎవరి చేతిలోనూ లేని మధ్యకాలాన్నే. ఆ కాలంలో దేశానికి చట్టం లేకుండా పోదు, పాత చట్టమే నడుస్తుంది. ఆ ఇద్దరు ఆడపిల్లలు చనిపోయింది దాని కిందే.